అరటిపండు వాసన కాలమ్: నాలుగో రన్ ఎందుకు పోయింది

రెజిన్ పూసలు నింపిన గొట్టం (కాలమ్)లోంచి యాసిడ్, ఆల్కహాల్ పోనిచ్చి, అరటిపండు వాసన వచ్చే ఎస్టర్ (ఐసోఎమైల్ ఎసిటేట్) చేస్తున్నా. నాలుగో రన్ పాడైంది. మూడు వారాల తర్వాత, నిన్న రాత్రి దొంగ దొరికాడు. బోరు నీళ్లు!

మొదటి మూడు రన్‌లు బాగా వచ్చాయి. ఎసిటిక్ యాసిడ్, ఐసోఎమైల్ ఆల్కహాల్ సమాన మోల్స్, 60 డిగ్రీలు, నిమిషానికి 2 మి.లీ. ఆంబర్‌లిస్ట్-15 అనే ఆమ్ల రెజిన్ రియాక్షన్ నడుపుతూనే, పుట్టిన నీటిని తనలోకి లాక్కుంటుంది. మిగిలిన యాసిడ్‌ని కాస్టిక్ సోడాతో కొలుస్తా, ఎంత తక్కువ పడితే అంత యాసిడ్ ఎస్టర్ అయినట్టు. పైన పోసే మిశ్రమం (ఫీడ్) 1 మి.లీ.కి అర నార్మల్ కాస్టిక్ 12 మి.లీ. పడేది, కింద దిగినదానికి 1.1 పడింది. ఫ్లాస్కులో ఎంత మరిగించినా, పుట్టిన నీరు అడ్డుపడి 4 దగ్గరే ఆగేది. "ఏరా, చక్కెరకేళి గెల మగ్గేశావా?" అంది పక్కింటి పిన్ని.

నాలుగో రన్‌లో 10.7!

రెజిన్ కుంచించుకుని ద్రవానికి పక్కనుంచి దారి పడిందేమో అనుకున్నా. బెడ్ 45 సెం.మీ. నుంచి 41కి దిగింది మరి. మళ్లీ నింపా: 10.6. కరెంటు లో వోల్టేజీ అనుకున్నా. కాలమ్ చుట్టూ జాకెట్‌లో వేడినీళ్లు 59 డిగ్రీలున్నాయి. ఫ్లో సగానికి తగ్గించా: 10.3.

చివరికి రెజిన్ 1 మి.లీ. తీసి, దాని ఆమ్లం బయటికి రావాలని ఉప్పు నీళ్లలో వేసి, కాస్టిక్‌తో కొలిచా (టైట్రేట్ చేశా). 1.7 మిల్లీ ఈక్వివలెంట్ల ఆమ్లం రావాలి, 0.4 వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది: మూడో రన్ తర్వాత పసుపు రంగు పోవాలని ఒక బిందెడు బోరు నీళ్లు ధారగా వదిలా. కాలువలు కట్టేశారు, చెరువు నీళ్లు తాగడానికే చాలట్లేదు. మా రాజోలు వైపు బోరు నీళ్ల ఉప్పదనం తెలిసిందే, టీడీఎస్ మీటరు 1900 చూపించింది. నీళ్లలోని సోడియం, కాల్షియం రెజిన్ ఎక్కి కూర్చుని, ఆమ్లాన్ని బయటికి తోసేశాయి. కింద లిట్మస్ ఎర్రబడుతుంటే "యాసిడ్ కడుక్కుపోతోందిలే" అనుకున్నా. పోయింది రెజిన్ యాసిడే!

5 శాతం హెచ్‌సీఎల్ 660 మి.లీ. నెమ్మదిగా పోసి, బ్యాటరీ షాపు డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఆల్కహాల్‌తో నీళ్లు తోసేశా. ఇప్పుడు 1.6.

నీళ్ల సాఫ్ట్‌నర్‌లో వాడే రెజిన్ చవక అని దాంతో మొదలుపెట్టకండి. నీళ్లు లేనిచోట అది ఉబ్బదు, లోపలికి ఏదీ పోదు. నీటిని పీల్చే 3ఏ మాలిక్యులర్ సీవ్ గుళికలైతే యాసిడ్‌లో కరిగి బురదవుతుంది. సిలికాన్ ట్యూబు ఎస్టర్ తాకితే ఉబ్బుతుంది, టెఫ్లాన్ పెట్టండి.

ఒక కాలమ్‌లోని రెజిన్ పుట్టిన నీటితో నిండగానే ఆపి కడగాల్సి రావడం విసుగ్గా ఉంది. నాలుగు చిన్న గొట్టాలు వరసగా కలిపి, వాల్వులు మారుస్తూ తిప్పాలి. 1961 నాటి యూఓపీ (అమెరికా కంపెనీ) పేటెంట్‌లోదే ఆ ఆలోచన. నాకు ఎనిమిది వాల్వులు, కొంచెం ఓపిక కావాలి. వానలు పడ్డాక చూరు కింద డ్రమ్ము పెడతా.