బురద చారే బెంచ్‌మార్క్

షార్జాలో నాది యాజ్-బిల్ట్ సర్వే పని. కట్టిన బిల్డింగ్ ప్లాన్‌లో ఉన్నట్టే ఉందో లేదో కొలిచి చెప్పాలి. ట్రైపాడ్ మీద లేజర్ స్కానర్ పెట్టి బటన్ నొక్కితే గిరగిరా తిరిగి లక్షల పాయింట్లు పట్టేస్తుంది. దాని ఖరీదు లక్షల్లోనే. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఇక్కడ ఎండలో పని చేయించకూడదు. ఆ వేళ మాకంటే ముందు స్కానర్‌ని నీడకి చేరుస్తాడు మా ఫోర్‌మన్.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడని ముంచినప్పుడు నేనిక్కడే ఉన్నాను. సెలవు మీద సింగ్‌నగర్ వెళ్లేసరికి నీళ్లు పోయి, గోడల మీద చార మిగిలింది. ప్రభుత్వ సాయం కింది అంతస్తుకు 25,000, పై అంతస్తులకు 10,000 చొప్పున ఇచ్చారు. "బావా, ఏ ఇంట్లో ఎంత లోతు నీళ్లొచ్చాయో మన సందులో రాసిపెట్టినోళ్లే లేరు. నీ పని ఇదేగా!" అన్నాడు మా బావమరిది.

స్కానర్ లేదు. టేపు, ఫోన్, మేస్త్రీ దగ్గర అడిగి తెచ్చిన నీళ్ల ట్యూబు, అంతే.

గడప రోడ్డుకి ఎంత ఎత్తో కొలిస్తే లాభం లేదు. రోడ్డు వేసినప్పుడల్లా పాతదాని మీద ఇంకో పొర పడుతుంది, సందు సందుకీ ఎత్తు మారిపోతుంది. నిలిచిన నీటికి మాత్రం మట్టం ఒక్కటే. రోజుల తరబడి కదలని నీరు గీసిన చార సందు పొడవునా దాదాపు ఒకే లెవెల్లో ఉంటుంది. అదే మా బెంచ్‌మార్క్, అంటే ఎత్తులన్నీ ఎక్కణ్నుంచి కొలవాలో చెప్పే గుర్తు. చార మీద టేపు పట్టుకుని గడప దాకా వదిలితే, పక్కింటికంటే ఆ ఇల్లు ఎంత పల్లమో తేలిపోతుంది. చార కడిగేసిన చోట ట్యూబుతో లెవెల్ లాక్కొచ్చాం: నీళ్లు నింపిన ట్యూబు రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి. ట్యూబులో గాలి బుడగ లేకుండా చూసుకోవాలి, అదొక్కటే జాగ్రత్త.

ఇళ్ల ఆకారానికి, ఎవరైనా గీయగలిగే ఉచిత మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో శాటిలైట్ ఫొటో మీద గీశాం. పైనుంచి కనిపించేది శ్లాబు అంచు, గోడ కాదు. బాల్కనీలు సందులోకి తోసుకొచ్చిన చోట టేపుతో సరిచూడక తప్పదు. జీపీఎస్‌ని నమ్మితే ఇరుకు సందులో అది మనల్ని పక్కింటి వంటగదిలో నిలబెడుతుంది. ముందువైపు గోడలకి ఫొటోలు: ఒకదానిలో కనిపించినదాంట్లో ముప్పావు వంతు తర్వాతి దాన్లోనూ పడేలా నడుస్తూ తీయాలి, కొలత తెలిసిన కర్ర ఒకటి ఫ్రేములో ఉండాలి. ఆ ఫొటోలన్నీ కలిపి కొలవగలిగే 3డీ బొమ్మ చేసే సాఫ్ట్‌వేర్ ఓపెన్‌డ్రోన్‌మ్యాప్ ఉచితమే. పేరులో డ్రోన్ ఉన్నా ఫోన్ ఫొటోలూ తీసుకుంటుంది.

ఇప్పుడు మిగతా సందులు బావమరిది కొలుస్తున్నాడు. ఫొటోలు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమన్నాను, మామూలుగా పంపితే సైజు నలిగిపోతుంది, లొకేషనూ పోతుంది. సంక్రాంతికి రంగులేస్తే చారలుండవని వాడి తొందర.

ఎదురింటి పిన్నిగారు మాత్రం టేపు పట్టనివ్వలేదు. "మా ఇల్లు పల్లమని రాస్తే రేపు అమ్మబోతే ఎవడు కొంటాడు?" ఆవిడ మాట కొట్టిపారేయలేం. అందుకే ఇళ్ల గీతలు మ్యాపులో పెట్టి, లోతులు మా ఎక్సెల్‌లోనే ఉంచాం.