‘సరే’ అన్నారు కదా, మరి పని ఎందుకు కాలేదు?

వేర్వేరు దేశాల వాళ్లు కలిసి పనిచేసే చోట ఏదైనా తేడా వస్తే తప్పంతా ముందు భాష మీద వేస్తాం. ఉచ్చారణ అర్థం కాలేదనో, ఇంగ్లీషు సరిగా రాదనో అనుకుంటాం. నిజానికి భాష రాకపోవడం వల్ల వచ్చే ఇబ్బంది అంత ప్రమాదకరమైనది కాదు. అది అక్కడికక్కడే తెలిసిపోతుంది కాబట్టి మళ్లీ చెప్పమని అడుగుతాం, వాళ్లు చెబుతారు. భయపడాల్సింది దీనికి వ్యతిరేకమైన పరిస్థితికి. పదాలన్నీ అర్థమవుతాయి, వ్యాకరణం బాగుంటుంది, మాట్లాడే తీరు మాత్రం వేరుగా ఉంటుంది. అప్పుడు వినేవాళ్లకు అక్కడ ఒక తేడా ఉందన్న అనుమానమే రాదు. దాన్ని నేరుగా ఎదుటి మనిషి స్వభావం కింద జమ కట్టేస్తారు. పొగరు అంటారు, నిర్లక్ష్యం అంటారు, ఏదో దాస్తున్నాడంటారు.

భాషాశాస్త్రవేత్త జాన్ గంపర్జ్ 1982లో అచ్చయిన తన పుస్తకంలో దీనికి చక్కని ఉదాహరణ ఇచ్చాడు. బ్రిటన్‌లో ఒక పెద్ద విమానాశ్రయం ఉద్యోగుల క్యాంటీన్‌లో భారత, పాకిస్తానీ మహిళలు కొత్తగా వడ్డన పనిలో చేరారు. వాళ్లు మొరటుగా మాట్లాడుతున్నారని తినడానికి వచ్చేవాళ్లు, పైఅధికారులు అనుకునేవారు. మాంసం తీసుకున్నవాళ్లను గ్రేవీ కావాలా అని అడగాలి. బ్రిటిష్ ఉద్యోగి అయితే ‘గ్రేవీ?’ అని చివర గొంతు పైకి లేపి అడుగుతుంది. ఈ మహిళలు అదే పదాన్ని గొంతు దించి ‘గ్రేవీ.’ అనేవారు. వాళ్ల అలవాటు ప్రకారం అది మామూలు ప్రశ్నే. బ్రిటిష్ చెవికి మాత్రం ‘ఇది గ్రేవీ, తీసుకుంటే తీసుకో’ అన్నట్టు వినిపించింది. అవతలివాళ్ల మొహాలు మాడిపోయేవి. మా మీద చిన్నచూపు అని వీళ్లు బాధపడేవారు. రెండు రకాల రికార్డింగులూ పక్కపక్కన వినిపించి చర్చించాక కానీ, చిక్కు ఎక్కడుందో రెండు పక్షాలకూ తెలియలేదు.

గొంతు పెంచడం, దించడం ఒక రకం. దానికంటే కంటికి కనబడనిది మాటకీ మాటకీ మధ్య వదిలే సమయం. 2009లో పది భాషల్లో ప్రశ్న–జవాబుల మధ్య వ్యవధిని కొలిచారు. సగటున అది సెకనులో ఐదో వంతు, అంటే సుమారు 200 మిల్లీసెకన్లు. ఆ పది భాషల్లో జపనీస్ వాళ్లది అతి తక్కువ వ్యవధి, దాదాపు సున్నా. డేనిష్ వాళ్లది అతి ఎక్కువ, సుమారు 470 మిల్లీసెకన్లు. మొత్తం తేడా అర సెకను కూడా లేదు. కానీ మన చెవి అలవాటుపడింది 200 మిల్లీసెకన్ల కొలతకి కాబట్టి, ఆ అర సెకను ‘ఇష్టం లేనట్టుంది’ అనో ‘మాట పూర్తికాకముందే మీద పడిపోతున్నాడు’ అనో వినబడుతుంది.

వీడియో కాల్‌లో దీనికి యంత్రం కూడా తోడవుతుంది. గొంతు ఒక వైపు నుంచి ఇంకో వైపుకు చేరడానికి పట్టే సమయం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే ఇబ్బంది ఉండదని, 400 దాటకూడదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫారసు. ఆలస్యం 300 అనుకుందాం. మీ ప్రశ్న అటు వెళ్లడానికి 300, వాళ్ల జవాబు ఇటు రావడానికి 300. వాళ్లు తడుముకోకుండా చెప్పినా మీకు 600 మిల్లీసెకన్ల మౌనం అదనంగా వినిపిస్తుంది. ఈలోపు మీరు మళ్లీ మొదలుపెడతారు, వాళ్ల మాట వచ్చి మీ మాట మీద పడుతుంది, ఇద్దరూ ఆగిపోతారు. 2014లో జర్మనీలో చేసిన ఒక పరిశోధనలో, లైన్‌లో ఆలస్యం కలిపినప్పుడు జనం లైన్‌ను అనుమానించకుండా అవతలి మనిషికి శ్రద్ధ లేదని, స్నేహభావం తక్కువని మార్కులు వేశారు. సంస్కృతి విషయంలో జరిగేది కూడా అచ్చం ఇదే కాబట్టి ఈ ఫలితం నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది.

కాబట్టి సమావేశంలో చేయాల్సిన మొదటి మార్పు చాలా సాదాసీదాగా ఉంటుంది. ప్రశ్న అడిగాక మనసులో మూడు సెకన్లు లెక్కపెట్టాలి. బడుల మీద పరిశోధించిన మేరీ బడ్ రో, ఉపాధ్యాయులు ప్రశ్న వేసి సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని 1970ల్లో చూపించారు. దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, అడగకుండానే మాట్లాడేవాళ్లు పెరిగారు. పెద్దవాళ్ల సమావేశాల్లోనూ ఈ మూడు సెకన్లు పనిచేస్తాయి. ‘ఎవరికైనా సందేహాలున్నాయా?’ అని గాల్లోకి వదిలేస్తే మాత్రం మూడు సెకన్లు కాదు, మూడు నిమిషాలు ఆగినా లాభం లేదు. పిలిస్తే తప్ప మాట్లాడకూడదని పెరిగినవాళ్లు అలాంటి ప్రశ్నకు నోరు విప్పరు. ప్రశ్నను ఒకరోజు ముందే రాసి పంపండి. సమావేశంలో పేరు పెట్టి, ఒక వరసలో అడగండి. ఆ వరస కింది ఉద్యోగి నుంచి పైకి వెళ్లాలి. పెద్దాయన అభిప్రాయం ముందే బయటపడితే, పెద్దల మాటకు ఎదురు చెప్పకూడదనే అలవాటున్న చోట మిగతా సమావేశం అంతా ఆమోదంతోనే గడిచిపోతుంది.

ఇంకో సంగతి. ఒకరు మాట్లాడుతుండగానే మధ్యలో అందుకోవడం కొన్ని చోట్ల ఆసక్తికి గుర్తు. అలా అందుకోకపోతే వినడం లేదనుకుంటారు. ఇంకొన్ని చోట్ల అది అమర్యాద. భాషాశాస్త్రవేత్త డెబొరా టానెన్ ఈ రెండు పద్ధతులనూ దగ్గరగా పరిశీలించారు. రెండూ ఒకే గదిలో ఉంటే చిక్కు తనంతట తానే పెరుగుతుంది. ఆగి మాట్లాడే మనిషి ఖాళీ కోసం ఎదురుచూస్తాడు. అందుకునే మనిషి ఆ మౌనాన్ని ఇబ్బందిగా భావించి, పాపం సాయం చేద్దామని దాన్ని తన మాటతో నింపుతాడు. ఇద్దరిదీ మంచి ఉద్దేశమే కానీ ఒకరు ఎంత ప్రయత్నిస్తే ఇంకొకరికి అంత చోటు తగ్గుతుంది. దీన్ని ఆ ఇద్దరూ సర్దుకోలేరు. సమావేశం నడిపేవాళ్లే మాటలో దూరి ‘ఒక్క నిమిషం, వాళ్లను పూర్తి చేయనిద్దాం’ అనాలి.

ఇప్పుడు ‘సరే’ దగ్గరికి వద్దాం. దాని వెనుక కనీసం నాలుగు సంగతులు ఉండవచ్చు: వినబడింది, అర్థమైంది, ఒప్పుకుంటున్నాను, ఫలానా తేదీకి చేస్తాను. మొహం మీద కాదనడం అవతలి మనిషిని అవమానించడమే అనుకునే చోట మొదటి రెండింటికే ‘సరే’ చెబుతారు. వినేవాళ్లు నాలుగోది అందుకుంటారు. గడువు రోజున గొడవ. ‘అర్థమైందా?’ అని అడగడం వల్ల ఏమీ తేలదు, దానికి కూడా అదే ‘సరే’ వస్తుంది. అవును–కాదులతో తెగని ప్రశ్నలు అడగాలి. దీంట్లో ముందు ఏది మొదలుపెడతారు? ఎవరి దగ్గర్నుంచి ఏం రావాలి? ఏది అడ్డుపడే అవకాశం ఎక్కువ? చేతిలో ఉన్న పనుల్లో దేన్ని పక్కన పెట్టి దీన్ని చేస్తారు? ఈ చివరి ప్రశ్న చాలా విలువైనది. కాదనలేని మనిషికి అది ‘కాదు’ చెప్పే మర్యాదైన దారి ఇస్తుంది.

‘కాదు’ చాలాసార్లు ఆ మాట లేకుండానే వస్తుంది. జవాబుకు బదులు ప్రశ్న వస్తుంది. ‘చూద్దాం’, ‘ప్రయత్నిస్తాను’, ‘కొంచెం కష్టం కావచ్చు’ అంటారు. లేదా సంభాషణ ఇంకో విషయం మీదికి మళ్లుతుంది. ఇక్కడ ఆ పది భాషల పరిశోధనలోని మరో ఫలితం అక్కరకొస్తుంది. ప్రశ్నకు అనుకూలమైన జవాబులు త్వరగా, ప్రతికూలమైనవి ఆలస్యంగా వచ్చాయి. తటపటాయింపు వెనుక తిరస్కారం ఉండే అవకాశం అందరిలోనూ ఉందన్నమాట. కాకపోతే ఎంత ఆగితే తటపటాయింపు కింద లెక్క అనేది మనిషిని బట్టి మారుతుంది. కాబట్టి మీ వేగంతో పోల్చకండి. ఆ మనిషి మామూలు రోజున, మామూలు ప్రశ్నకు ఎంత వేగంగా జవాబిస్తారో దానితో పోల్చండి.

వ్యతిరేకార్థంలో ప్రశ్నలు అడగకండి. ‘ఫైలు పంపలేదా?’ అంటే కొన్ని భాషల వాళ్లు ‘అవును’ అని, కొన్ని భాషల వాళ్లు ‘లేదు’ అని, ఇద్దరూ పంపలేదనే చెబుతారు. ‘ఫైలు పంపారా? ఎప్పుడు?’ చాలు. తేదీలూ అంతే. 03/04 కొందరికి ఏప్రిల్ 3, కొందరికి మార్చి 4. నెల పేరు అక్షరాల్లో రాయండి. గంటతో పాటు ఏ ప్రాంతపు సమయమో కూడా రాయండి.

రాతలో తేడా వచ్చేది క్రమంలో. హాంకాంగ్‌లో చైనీస్, పాశ్చాత్య వ్యాపారుల మాటతీరును పరిశీలించిన రాన్, సుజాన్ స్కాలన్ దంపతులు దీన్ని స్పష్టంగా చూపించారు. ఒక పద్ధతిలో కారణాలు ముందు, కోరిక చివర. రెండో పద్ధతిలో కోరిక ముందు, కారణాలు తర్వాత. రెండో పద్ధతికి అలవాటుపడ్డవాళ్లు మొదటి రకం ఉత్తరాన్ని సగంలోనే వదిలేస్తారు, అసలు సంగతి వాళ్లకు చేరనే చేరదు. మొదటి పద్ధతి వాళ్లకు రెండో రకం ఉత్తరం గద్దించినట్టు ఉంటుంది. ఇద్దరూ చదివే ఉత్తరానికి నేను చెప్పే కొలత ఇది: పలకరింపు, సందర్భం కలిపి రెండు వాక్యాలు. మూడో వాక్యంలో ఏం కావాలో, ఎప్పటికి కావాలో. కారణాలన్నీ ఆ తర్వాత.

ఇదంతా మర్యాదల వ్యవహారమే కదా అనుకునేవాళ్లు 1990 జనవరి 25 ప్రమాదం గురించి తెలుసుకోవాలి. కొలంబియా నుంచి న్యూయార్క్ వస్తున్న ఏవియాంకా 52 విమానాన్ని వాతావరణం బాగాలేక మొత్తం 77 నిమిషాలు గాలిలోనే తిప్పారు. కో-పైలట్ ‘ప్రాధాన్యం కావాలి’ అన్నాడు, తర్వాత ‘ఇంధనం అయిపోతోంది’ అన్నాడు. ‘ఎమర్జెన్సీ’ అనే మాట కంట్రోలర్లకు ఎప్పుడూ చేరలేదు. చెప్పమని కెప్టెన్ అడిగితే చెప్పానన్నాడు. ఇంధనం ఖాళీ అయి విమానం లాంగ్ ఐలాండ్‌లో కూలింది. 158 మందిలో 73 మంది చనిపోయారు. దీన్ని పూర్తిగా ఒక దేశపు సంస్కృతికి అంటగట్టడం నాకు సమ్మతం కాదు. వాతావరణం, అలసట, చేతులు మారిన సమాచారం అన్నీ ఉన్నాయి. కానీ మెత్తగా చెప్పిన మాటను అవతలివాళ్లు మెత్తని విషయంగానే తీసుకున్నారన్నది మాత్రం నిజం.

విమానయాన రంగం దీనికి ఏ పరిష్కారం ఎంచుకుందో చూడండి. ధైర్యంగా మాట్లాడమని బోధించి ఊరుకోలేదు. 2012లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ నియమాల్లో రెండు కచ్చితమైన మాటలు పెట్టారు. ‘మినిమమ్ ఫ్యూయల్’ అంటే, ఇక ఏ ఆలస్యం జరిగినా చివరి నిల్వను తాకాల్సి రావచ్చని హెచ్చరిక. అది అత్యవసర స్థితి కాదు. ‘మేడే ఫ్యూయల్’ అంటే, దిగేసరికి ఆ నిల్వ కంటే తక్కువే మిగులుతుందని. అది అత్యవసరం. జెట్ విమానాలకు ఆ నిల్వ 30 నిమిషాల ఇంధనం. మాటకూ అంకెకూ ముడి పడింది కాబట్టి, చెప్పేవాళ్లు మొహమాటస్తులైనా దూకుడు మనుషులైనా అర్థం మారదు.

ఏ బృందంలోనైనా ఇదే చేయవచ్చు. మూడు మాటలు చాలు. ‘సమాచారం’ అంటే చదివితే చాలు. ‘ఆలస్యం’ అంటే గడువు రెండు రోజులకు మించి జరుగుతుంది, నడిపేవాళ్లు ఆ రోజే జవాబివ్వాలి. ‘ఆపు’ అంటే ఎవరు చెప్పినా పని ఆగుతుంది, చెప్పినవాళ్లను ఎందుకని తర్వాతే అడగాలి. విమర్శకూ అదే పద్ధతి. ‘కొంచెం చూస్తే బాగుంటుందేమో’ అనేది ఒకరి నోట తప్పక మార్చమని, ఇంకొకరి చెవిలో వీలుంటే చూడమని. వ్యాఖ్య ముందు ‘తప్పనిసరి’, ‘సలహా’ అని రాసే నియమం పెట్టండి, ఆ తర్వాత వాక్యం ఎంత మెత్తగా ఉన్నా ఫర్వాలేదు. ఈ నియమాలు విఫలమయ్యేది ఒక్కచోటే. మొదటిసారి ‘ఆపు’ అన్న చిన్న ఉద్యోగిని అందరి ముందు నిలదీస్తే, రెండోసారి ఆ మాట ఎవరూ వాడరు.

నిలబడే దూరం, తల ఊపడం లాంటివాటి మీద జనానికి ఆసక్తి ఎక్కువ, వాటివల్ల జరిగే నష్టం మాత్రం తక్కువ. బల్గేరియాలో తల పైకీ కిందికీ ఊపడం కాదనడానికి. 42 దేశాల్లో జరిపి 2017లో ప్రచురించిన అధ్యయనంలో అపరిచితులకు అతి దగ్గరగా నిలబడేది అర్జెంటీనావాళ్లు, అతి దూరంగా రుమేనియావాళ్లు. అవతలి మనిషి అడుగు వెనక్కి వేస్తే మీరు ముందుకు వేయకండి, అంతే.

ఏ దేశంవాళ్లు ఎలా ఉంటారో చెప్పే పట్టికలు బట్టీపట్టడం మాత్రం మంచిది కాదు. మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1976లో ప్రచారంలోకి తెచ్చిన విభజన, అంటే కొన్ని సమాజాల్లో అర్థం మాటల్లోనే ఉంటుందని, కొన్నింటిలో సందర్భంలో ఉంటుందని చెప్పేది, ఆలోచించడానికి పనికొస్తుంది. మనుషులకు ముద్ర వేయడానికి కాదు. దేశాల సంస్కృతులను అంకెల్లో కొలిచిన డచ్ పరిశోధకుడు హాఫ్‌స్టెడే. ఆయన అంకెలు 1967–73 మధ్య ఐబీఎం ఉద్యోగుల నుంచి తీసుకున్న లక్షకు పైగా ప్రశ్నావళుల మీద కట్టినవి. అవి దేశాల సగటులు. మీ ఎదురుగా కూర్చున్న ఇంజనీరు సగటు కాదు, ఆయన వయసు, చదువు, పాత ఉద్యోగం కూడా ఆయన మాటలో ఉంటాయి.

పట్టిక బదులు మనిషినే అడగండి, అదీ తగవు రాకముందే, మొదటి వారంలోనే. ‘నా పనిలో తప్పు కనబడితే మీరు నాకు ఎలా చెబుతారు? అందరి ముందా, విడిగానా, రాసా?’, ‘మీకు కుదరని పని నేను అప్పగిస్తే మీరు ఏమంటారు?’ ముందు మీ జవాబు చెప్పి తర్వాత వాళ్లను అడగండి, లేకపోతే అది ఇంటర్వ్యూలా ఉంటుంది. రెండో ప్రశ్నకు వచ్చిన వాక్యాన్ని అలాగే రాసిపెట్టుకోండి. తర్వాతెప్పుడైనా వాళ్ల నోట ఆ వాక్యం వినబడితే, అక్కడే ఆగి పని మళ్లీ పంచాలి.