సెన్సర్ మార్చే ముందు ఆ మూడు పిన్నులు కొలవండి

పొక్లెయిన్ డిస్‌ప్లే మీద ఆయిల్ ప్రెషర్ కోడ్ పడగానే చాలా సైట్లలో కొత్త సెన్సర్ తెప్పించి బిగించేస్తారు. మర్నాడు అదే కోడ్ మళ్లీ పడుతుంది. తప్పు చాలాసార్లు సెన్సర్‌లో కాదు, దాని దాకా వచ్చే వైరులో ఉంటుంది. రాతిదుమ్ము, ఇంజన్ వేడి, బకెట్ కొట్టిన ప్రతిసారీ వచ్చే అదురు ముందుగా వైరింగునే తింటాయి.

కోడ్‌ని పూర్తిగా చదవండి. జె1939 (భారీ యంత్రాల కంట్రోలర్లు వాడే సమాచార ప్రమాణం) పద్ధతిలో ఎస్‌పీఎన్ అంటే తప్పు ఏ కొలతలో ఉందో చెప్పే నంబరు; ఎస్‌పీఎన్ 100 అంటే ఇంజన్ ఆయిల్ ప్రెషర్. పక్కన ఉండే ఎఫ్ఎంఐ ఆ తప్పు ఏ రకమో చెబుతుంది: 3 ఉంటే సిగ్నల్ వోల్టేజి మరీ ఎక్కువ, 4 ఉంటే మరీ తక్కువ. ఎఫ్ఎంఐ 1 వస్తే మాత్రం వైరు సంగతి తర్వాత. ప్రెషర్ నిజంగానే పడిపోయి ఉండొచ్చు. ఇంజన్ ఆపి, నూనె మట్టం చూసి, మెకానికల్ గేజి బిగించి సరిచూడండి.

ఇక మీటరు. ఇంజన్ ఆపి, కీ ఆన్ చేసి, కనెక్టర్ ఊడదీయకుండా వెనక నుంచి సన్నటి ప్రోబ్ పెట్టండి. ఇన్సులేషన్‌కి సూది గుచ్చొద్దు, ఆ చిల్లులోంచే నీళ్లు దిగి ఆర్నెల్లకి రాగి పచ్చగా చిలుము పడుతుంది. కనెక్టర్‌లో మూడు పిన్నులుంటాయి: సప్లై, సిగ్నల్, గ్రౌండ్. సప్లై పిన్నులో 5 వోల్టులు, సిగ్నల్‌లో సుమారు 0.5 రావాలి. గ్రౌండ్ పిన్నుకీ బ్యాటరీ నెగిటివ్‌కీ మధ్య 0.1 వోల్టు దాటకూడదు. అక్కడ 0.3 ఉందంటే, 10 బార్ల దాకా కొలిచే సెన్సర్ ఇంజన్ ఆగి ఉన్నా అర బార్‌కి పైనే చూపిస్తుంది. ఇందులో సెన్సర్ తప్పేమీ లేదు.

ఒకేసారి మూడు నాలుగు సెన్సర్ల కోడ్లు పడితే అన్నీ చెడిపోయాయని అనుకోవద్దు. చాలా ఇంజన్లలో కొన్ని సెన్సర్లకి 5 వోల్టుల లైను ఒకటే. ఒకటి షార్ట్ అయితే అందరి సప్లైనీ కిందకి లాగేస్తుంది. మీటరు 5 వోల్టుల పిన్ను మీదే ఉంచి సెన్సర్లని ఒక్కొక్కటిగా ఊడదీయండి. ఏది తీసినప్పుడు 5 తిరిగొస్తే అదే దోషి. అన్నీ తీసినా రాకపోతే హార్నెస్ (వైర్ల కట్ట) ఎక్కడో బాడీకి ఒరుసుకుంటోంది. బూమ్ మొదలు దగ్గర, క్లాంపుల కింద, సైలెన్సర్ పక్కన వెతకండి.

24 వోల్టుల వైర్లలో ఇంకో మోసం ఉంది. ఒక్క పోగు మిగిలినా మీటరు 24 చూపిస్తుంది, లోడు పడగానే కూలిపోతుంది. అలాంటిచోట 21 వాట్ల ఇండికేటర్ బల్బు కలిపి చూడండి, మసకగా వెలిగితే వైరు తెగే దశలో ఉన్నట్టే. 5 వోల్టుల లైన్ల మీద, సిగ్నల్ వైర్ల మీద ఈ బల్బు అస్సలు వాడకూడదు.

కంట్రోలర్లు (యంత్రంలోని చిన్న కంప్యూటర్లు) ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం లేదంటే బ్యాటరీ తీసేసి వాటిని కలిపే రెండు వైర్లు, క్యాన్ హై, క్యాన్ లో మధ్య ఓములు కొలవండి. 60 ఉండాలి. 120 వస్తే ఒక చివర రెసిస్టరు తెగింది లేదా దారిలో వైరు తెగింది.

కనెక్టర్ ఆడపిన్ను వదులైతే ఏ మీటరూ పట్టుకోదు. అదే సైజు కొత్త మగపిన్ను ఒకటి దూర్చి లాగి చూడండి. పట్టు లేకుండా జారిందంటే పిన్ను మార్చాల్సిందే. తెగిన వైరుని మెలేసి నల్లటేపు చుట్టొద్దు, ఇంజన్ వేడికి జిగురు కారి ఊడిపోతుంది. రాగి మెరిసేదాకా వెనక్కి కోసి, క్రింప్ చేసి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం (వేడికి ముడుచుకునేది) వేయండి. తర్వాత ఇంజన్ నడుస్తుండగా, ఫ్యానుకీ బెల్టుకీ దూరంగా హార్నెస్‌ని చేత్తో కదుపుతూ, ఇంకొకరిని డిస్‌ప్లేలో ప్రెషర్ అంకె గమనించమనండి. అంకె ఎగిరిన చోటే ఇంకో తెగుడు దాక్కుని ఉంటుంది.