డోలీలో శబరిమల

అయ్యప్ప మాల వేసుకున్నవాడు నేల మీద కూర్చోవాలి, నేల మీదే పడుకోవాలి. నా జబ్బు మొట్టమొదట దూరం చేసింది ఆ నేలనే. లింబ్ గర్డిల్ మస్క్యులర్ డిస్ట్రఫీ అంటారు. తుంటి చుట్టూ, భుజాల చుట్టూ ఉండే పెద్ద కండరాలు ఏళ్ల తరబడి మెల్లమెల్లగా బలహీనపడుతూ పోతాయి. నడుస్తుంటే పెద్దగా తేడా కనిపించదు. కింద కూర్చున్నాక లేవమంటే అసలు సంగతి బయటపడుతుంది. ముందు బోర్లా తిరగాలి, చేతులు నేలకు ఆనించాలి, తర్వాత మోకాళ్ల మీద, ఆపైన తొడల మీద చేతులు వేసుకుంటూ, చెట్టెక్కినట్టు నన్ను నేనే ఎక్కుతూ లేవాలి.

అందుకే ఈసారి కార్తీకంలో మాల వేయించుకునే ముందే మా బృందాన్ని నడిపించే గురుస్వామికి విషయం చెప్పాను. ఆయన ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. "చాప బల్ల మీద వేసుకోండి స్వామి. భిక్షకి స్టూలు వేసుకోండి. అయ్యప్ప ఏమన్నా టేపు పట్టుకుని ఎత్తు కొలుస్తాడా?" అన్నారు.

బల్లకీ స్టూలుకీ ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. చేతికర్ర చూసి ఒకరిద్దరు అయ్యో అన్నారు. కొండ డోలీలో ఎక్కుతాననేసరికి మాత్రం పడిపూజ రోజు చిన్న పంచాయితీయే జరిగింది. మా బృందంలో ఒక పెద్ద స్వామి ఉన్నారు. "డోలీలో వెళ్తే ఆ పుణ్యం మోసినవాళ్లకి పోతుంది స్వామి. నిదానంగా నడవండి, ఆయనే నడిపిస్తాడు" అన్నారాయన. గురుస్వామి దీపంలో నూనె పోస్తూనే, "ఆ లెక్కన ఇన్నేళ్లు నేను బస్సులో చేరేసిన భక్తుల పుణ్యమంతా నా ఖాతాలోనే ఉండాలి. ఏదీ, నడుం నొప్పి కూడా తగ్గలేదు" అన్నారు. అందరూ నవ్వారు. పెద్ద స్వామి మాత్రం నవ్వలేదు.

నా లెక్క వేరు. ఈ కండరాలను అలిసిపోయేదాకా వాడకూడదు, అలాగని వాడకుండా కూర్చోనూ కూడదు అని డాక్టరు చెప్పారు. అంటే నా కాళ్లకి రోజుకి ఇంత అని ఒక బడ్జెట్టు ఉంది. కొండ కింద పంబ నుంచి గుడి ఉన్న సన్నిధానానికి దాదాపు 5 కిలోమీటర్లు. దారిలో నీలిమల, అప్పాచిమేడు ఎత్తులు ఎక్కేసరికే ఆ బడ్జెట్టంతా ఖర్చయిపోతుంది. అప్పుడు పద్దెనిమిది మెట్ల ముందు నిలబడి ఏం చేయాలి? కాబట్టి కొండ డోలీకి, మెట్లు నా కాళ్లకి అని పంచుకున్నాను. మొండితనంతో కొండంతా నడిచి, మెట్ల దగ్గర చతికిలబడడంలో నాకైతే భక్తి కనిపించలేదు.

తెనాలిలో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెంగన్నూరులో దిగాం. మా అబ్బాయి కన్నెస్వామి, అంటే మొదటిసారి మాల వేసుకున్నవాడు. మాల వేసుకున్న దగ్గర్నుంచి వాడు నన్నూ, నేను వాణ్ణీ "స్వామి" అనే పిలుచుకుంటున్నాం. స్టేషన్లో వీల్‌చైర్ తెప్పించారు. నాకు వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో చెప్పిన 21 వైకల్యాల్లో మస్క్యులర్ డిస్ట్రఫీ కూడా ఒకటి. కాగితం మీద ఒప్పుకోవడం వేరు, ప్లాట్‌ఫాం మీద పదిమంది చూస్తుండగా అందులో కూర్చోవడం వేరు. "చూస్తే బాగానే ఉన్నారే!" అన్నాడు రైల్లో పరిచయమైన ఒకాయన. ఆ మాటకు ఏం జవాబు చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. మావాడికి ఆ మొహమాటాలేవీ లేవు. "స్వామి, మీరు కూర్చుంటే బ్యాగులు వెనకాల తగిలించొచ్చు" అన్నాడు. కూర్చున్నాను.

మా వ్యాను నిలక్కల్‌లో ఆగిపోయింది. అక్కడి నుంచి పంబకి కేరళ ఆర్టీసీ బస్సులే. మామూలు బస్సు మొదటి మెట్టంటే నాకు గోడ. దాన్ని వదిలేసి లో-ఫ్లోర్ బస్సు వచ్చేదాకా ఆగాం. గురుస్వామి దాని ఫ్లోరు వంక కాసేపు చూసి, "ఇలాంటిది మన డిపోకి ఒక్కటిస్తే ఎంతమంది ముసలమ్మలు దీవిస్తారో" అన్నారు.

పంబలో మెట్టు మీద కూర్చుంటే మావాడు చెంబుతో నీళ్లు పోశాడు. గణపతి గుడికి మెట్లెక్కాలి, బడ్జెట్టులో లేదు. కింద నుంచే దండం పెట్టుకున్నాను.

డోలీ అంటే రెండు పొడవాటి వెదురు బొంగులు, మధ్యలో కుర్చీ, మోసే మనుషులు నలుగురు. కౌంటర్లో డబ్బు కట్టి రసీదు తీసుకున్నాం. వాళ్లు కుర్చీని నేల మీద దించి కూర్చోమన్నారు. కూర్చోవడం వరకు సరే, అంత కిందనుంచి నేను లేవలేను. వచ్చీరాని తమిళంలో, సగం సైగలతో చెప్పాను: ఆపినప్పుడల్లా ఏదైనా అరుగు మీద పెట్టండి, లేపేటప్పుడు చేతులు పట్టి లాగొద్దు, నడుం దగ్గర పట్టుకోండి. నా చేతులు పట్టి లాగితే భుజం జారిపోతుంది గాని మనిషి లేవడు. ముందున్న అతను తలూపి, తన తువ్వాలు విప్పి నా నడుముకి బిగించి కట్టాడు. పట్టుకోవడానికి పట్టు దొరికింది. అంత తేలికైన ఉపాయం ఇన్నాళ్లూ మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

ఒళ్లో ఇరుముడి పెట్టుకుని కూర్చున్నాను. చుట్టూ స్వాములు "దేహబలం దా, పాదబలం దా" అంటూ ఎక్కుతున్నారు. నేనూ అందుకున్నాను. డోలీలో కూర్చుని పాదబలం అడుగుతున్నందుకు నాకే నవ్వొచ్చింది. కొంతమంది తలెత్తి చూసి దారిచ్చారు. కొంతమంది చూడనట్టు మొహం తిప్పుకున్నారు. కాసేపటికి నేను వాళ్లని చూడడం మానేశాను, నా ముందున్న అతని మెడ కనిపిస్తోంది కాబట్టి. బొంగు ఆనేచోట చర్మం నల్లగా, గట్టిగా కాయ కాసి ఉంది. బొంగు ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నప్పుడల్లా నలుగురూ ఒకేసారి చిన్నగా కేక వేస్తున్నారు. ఆ కాయ చూశాక పెద్ద స్వామి చెప్పినట్టు పుణ్యం వాళ్లకే పోతే బాగుండుననిపించింది. అది వాళ్ల జీవనం అని సర్దిచెప్పుకున్నాను. అయినా దారి పొడుగునా ఇబ్బందిగానే ఉంది.

దారి రెండుగా చీలే మరకూట్టం దగ్గర డోలీ చంద్రానందన్ రోడ్డు పట్టింది. మావాళ్లు శరంగుత్తి వైపు నడిచారు. కన్నెస్వామి తను తెచ్చిన శరం, అంటే బాణం, గుచ్చేది అక్కడే. వాడి మొదటి శరం నేను చూడలేదు. గురుస్వామి ఫోన్లో తీసిన ఫొటో తర్వాత చూశాను, సగం వేలు అడ్డొచ్చింది. డోలీ ఎక్కినందుకు నేను చెల్లించింది అదొక్కటే, తక్కువేం కాదు.

మెట్లకు ముందుండే పెద్ద పందిరి, నడపందల్‌లో వాళ్ల కోసం ఎదురుచూశాను. కూర్చున్నంతసేపూ కాళ్లు తేలిగ్గా ఉన్నాయి. మెట్ల దగ్గర ఇరుముడి తల మీద ఉండాలి. నా చెయ్యి చెవి దాటి పైకి లేవదు. గురుస్వామి నా వెనకాలే నిలబడి ఒక చేత్తో తన ఇరుముడిని, ఇంకో చేత్తో నాదాన్ని పట్టుకున్నారు. మెట్లకి అటూ ఇటూ పోలీసులు అందరినీ చెయ్యి పట్టి పైకి అందిస్తున్నారు. నా నడుముకున్న తువ్వాలు చూపించాను. మొదటి అతనికి ఒక్క క్షణంలో అర్థమైంది, పైవాళ్లకి మలయాళంలో ఏదో అరిచాడు. ఆ తర్వాత ఎన్ని మెట్లు నేనెక్కానో, ఎన్ని వాళ్లెక్కించారో చెప్పలేను. మొదటి మెట్టు మాత్రం నాదే. కుడికాలు పెట్టి, తొడ వణుకుతుంటే ఆగి, ఎడమకాలు తెచ్చుకున్నాను. స్వామి ముందు దొరికింది ఎప్పటిలాగే కొన్ని క్షణాలు.

ఎక్కడమే కష్టమని అందరూ అనుకుంటారు. నాకు దిగడమంటేనే భయం. తొడ ముందు కండరం పట్టు తప్పిందా, మోకాలు టక్కున మడత పడుతుంది, ముందస్తు నోటీసు ఉండదు. అందుకే రానూపోనూ డోలీ మాట్లాడుకున్నాం. ఇలాంటి జబ్బున్నవాళ్లు ఎవరైనా వెళ్లేటట్టయితే దిగడానికి నడుద్దాంలే అనుకోవద్దు.

తిరుగు రైల్లో తిరుమల మాట వచ్చింది. నేను వీల్‌చైర్లో వస్తానని ముందే చెప్పేశాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పెద్ద స్వామి పులిహోర పొట్లం కట్టేస్తూ, "అయితే నేనే తోస్తాను. పుణ్యం తోసినవాళ్లకే కదా" అన్నారు, మొహంలో నవ్వు లేకుండా.

"హెవీ లైసెన్సున్నవాణ్ణి నేనుండగా మీకెవరిస్తారు స్వామి?" అన్నారు గురుస్వామి.