ఒక్క దరఖాస్తు, మూడుసార్లు

"ఈ రూల్ ఒక్క దరఖాస్తుకి మూడుసార్లు ఎందుకు ఫైర్ అయింది?"

కోడ్ రివ్యూలో మా సీనియర్ రాసింది అంతే. ముందు పలకరింపు లేదు, చివర ఓ మంచి మాట లేదు. అదీ టీమ్ అందరికీ కనపడేలా. ఈ దేశం వచ్చి ఎనిమిది నెలలైనా ఆ రోజు అన్నం సహించలేదు. మన దగ్గరైతే లీడ్ పక్కకి పిలిచి "ఇదోసారి చూడు" అనేవారు.

ఇంతకీ నేను చేసింది చెప్తాను. డ్రూల్స్‌లో రూల్ అది. "ఇలా ఉంటే ఇది చెయ్యి" అని రాసిన రూల్స్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ డ్రూల్స్; షరతు కుదిరి రూల్ అమలైతే ఫైర్ అయిందంటారు. దరఖాస్తుకున్న ట్యాగ్‌ల లిస్టులో "రిస్క్" అని మొదలయ్యేది ఏదైనా ఉంటే 10 పాయింట్లు కలపాలి. ముందు కంటెయిన్స్ పెట్టాను. లిస్టు మీద కంటెయిన్స్ అంటే అచ్చంగా ఆ మాటే ఒక ఐటమ్‌గా ఉండాలి. "రిస్క్-అడ్రస్" దానికి ఆనదు. సరే, ఫ్రమ్‌తో ఒక్కో స్ట్రింగ్‌నీ బయటికి తీసి మ్యాచెస్‌తో పోల్చాను. అదీ పలకలేదు. జావా రెగెక్స్ పద్ధతిలో, అంటే అక్షరాల నమూనా (ప్యాటర్న్) ఇచ్చి పోల్చేటప్పుడు, మ్యాచెస్‌కి స్ట్రింగ్ మొత్తం సరిపోవాలి. ప్యాటర్న్ చివర "తర్వాత ఏమున్నా సరే" అని చుక్క, స్టార్ పెట్టాక పలికింది. టెస్టులన్నీ పాసయ్యాయి. పంపేశాను.

నా టెస్టుల్లో ప్రతి లిస్టులోనూ సరిపోయే ట్యాగ్ ఒక్కటే ఉంది. ఆవిడ మూడు పెట్టి చూసింది. ఫ్రమ్‌ని అలా వదిలేస్తే సరిపోయిన ప్రతి ఐటమ్‌కీ రూల్ విడిగా ఫైర్ అవుతుంది. 10 కాస్తా 30 అయింది. నాకు కావలసింది "ఉందా, లేదా" అన్నదే కాబట్టి దాని చుట్టూ ఎగ్జిస్ట్స్ రాయాలి. అప్పుడు ఎన్ని దొరికినా ఒక్కసారే.

దిద్దడం రెండు నిమిషాల పని. నిద్ర పట్టనిది వేరే సంగతికి. మన దగ్గర రెండేళ్లపాటు ఇలాంటి రూల్స్ ఇలాగే రాశాను. అందరూ ఆప్యాయంగా ఉండేవారు, ఈ ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. ఎవరి దరఖాస్తుకి ఎన్నిసార్లు పాయింట్లు పడ్డాయో!

మర్నాడు ఆవిడ ఇంకో లైను రాసింది: "లిస్టు ఖాళీగా ఉంటే?"

రిస్క్ ట్యాగ్ ఏదీ లేకపోతే నేరుగా ఆమోదించే రూల్ పక్కనే ఉంది, నాట్‌తో రాసింది. ఖాళీ లిస్టులో సరిపోయేది ఏదీ ఉండదు కనుక నాట్ నిజమైపోతుంది. ఇంకా ఎవరూ తనిఖీ చేయక ట్యాగ్‌లే పడని దరఖాస్తు కూడా ఆమోదానికి వెళ్లిపోతుంది. లిస్టు ఖాళీగా ఉండకూడదన్న షరతు చేర్చి, దానికో టెస్టు రాసి పంపాను.

పలకరింపు ఈసారీ లేదు. ఉంటే బాగుండుననే ఇప్పటికీ అనిపిస్తుంది.