కల్పవల్లి కొండల్లో అగ్గి కాపలా

అనంతపురం నుంచి బెంగళూరు బస్సెక్కి చెన్నేకొత్తపల్లికి టికెట్ అడిగితే కండక్టర్ మొహం చిట్లించాడు. చివరికి హైవే మీదే దింపేశాడు. అక్కణ్ణుంచి ముష్టికోవెల వైపు ఆటో అతను చెప్పిన రేటుకి మా తెనాలి నుంచి విజయవాడకు రెండుసార్లు వెళ్లి రావచ్చు. ఎండలో బేరమాడే ఓపిక లేక ఎక్కేశాను.

టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు 1990లో 32 ఎకరాల బీడుతో మొదలుపెట్టారని చదివాను. తర్వాత ముష్టికోవెల చుట్టుపక్కల రైతులు తమ బోడికొండల్ని కాపాడుకోవడానికి వాళ్లతో కలిశారు. అలా కాపాడుకున్న అడవే కల్పవల్లి, ఇప్పుడు ఏడు వేల ఎకరాలు దాటింది. ఇంత అడవికి ఎన్ని లక్షల మొక్కలు నాటారో అనుకుంటూ వెళ్లాను. కాపలా పెద్దాయన్ని అదే అడిగాను.

"నాటినాం గానీ, కాపాడిందే ఎక్కువప్పా. ఏర్లు భూమిలోనే ఉంటాయి. నరక్కుండా, కాలకుండా సూసుకుంటే అయ్యే లేస్తాయి."

గొంతుక్కూర్చుని గడ్డి పక్కకి తీసి చూపించాడు. ఎప్పుడో కాలి నల్లబడ్డ చండ్ర మోడు, పిడికిలంత ఉంది. దాని పక్క నుంచి నాలుగు చివుళ్లు, ముళ్లు ఇంకా మెత్తగానే ఉన్నాయి. అగ్గి రాకపోతే అది చెట్టవుతుందట.

ఆయన ఉద్యోగమంతా ఆ ఒక్క అగ్గితోనే. ఎండాకాలంలో బోదగడ్డి నిలువునా ఎండిపోతుంది. ఒక బీడీ ముక్క చాలు. కొత్త గడ్డి వస్తుందని కాపరులు కావాలని అంటించడమూ ఉంది. అందుకే మంట దాటకుండా గడ్డి చెక్కి ఫైర్ లైన్లు తీస్తారు, కొండెక్కి కాపలా కాస్తారు, మంట లేస్తే పచ్చి కొమ్మలతో బాది ఆర్పుతారు. నడివయసు నుంచి ఇదే పనట ఆయనకి. మొక్క నాటిన రోజు ఫొటోకి నిలబడేవాళ్లు మా వైపూ బోలెడంత మంది. ఆ తర్వాత ఇన్నేళ్లు దాని దగ్గరే ఉన్న మనిషిని నేను చూడ్డం ఇదే మొదలు.

మాకు కాలవ నీళ్లొస్తాయి కాబట్టి కొండ గురించి ఆలోచించం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ సీమలో ఆ గడ్డే నీటిని ఆపి, నేలలోకి ఇంకించి, కింద చెరువుకి పంపాలి. అలాంటి కొండల్ని రికార్డుల్లో బంజరు అని రాసుకుని, గాలిమరలకి ఇచ్చేశారు. గాలి కరెంటు మంచిదే. కానీ రోడ్డు కోసం తొలిచిన వాలు చూస్తే కడుపు మండింది. ఆ మట్టి వానకి వాగుల్లోకే దిగుతుంది.

మధ్యాహ్నం సంగటి, చెనిక్కాయల చట్నీ ముందు పెట్టుకున్నాం. ఇంతలో పడమటి వైపు సన్నగా పొగ. ఆయన ముద్ద వదిలేసి లేచాడు, ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. ఎవరో పొలంలో చెత్త కాలుస్తున్నారని తేలేదాకా మళ్లీ పళ్లెం దగ్గరికి రాలేదు.