నీట్ పీజీ: న్యుమోనియా నేను చదివిన తీరు

ఎంబీబీఎస్ తర్వాత పీజీ సీటు కోసం రాసే ఈ పరీక్ష రిజల్ట్ వచ్చినప్పట్నుంచి “అక్కా, ఏ నోట్సు? ఏ యాప్?” అని జూనియర్లు ఒకటే మెసేజ్‌లు. నోట్సు ఏదైనా పర్లేదు. నా చదువు దారిలో పడింది మాత్రం న్యుమోనియా దగ్గర.

మొదటిసారి రాసినప్పుడు ఏ రోగికి ఏ బ్యాక్టీరియా అనే పట్టికలన్నీ నోటికొచ్చు. తాగుడు అలవాటున్నవాళ్ళకి క్లెబ్సియెల్లా, ఫ్లూ తర్వాత స్టెఫైలోకాకస్, విరేచనాలతో పాటు సోడియం పడిపోతే లీజియోనెల్లా. ర్యాంకు మాత్రం రాలేదు.

తర్వాత వైజాగ్ కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) వార్డులో ఒకాయన్ని చూశాను. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది లోబ్ (భాగం) మొత్తం తెల్లగా ఉంది. ఆక్సిజన్ ఎంత పెంచినా శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) కదలదే! రెడ్ హెపటైజేషన్, అంటే ఊపిరితిత్తి ఎర్రగా, కాలేయంలా గట్టిపడే దశ, అప్పుడు అర్థమైంది. ఆల్వియోలైలో (ఊపిరితిత్తిలోని చిన్న గాలి సంచుల్లో) గాలి ఉండాల్సిన చోట ఎర్రకణాలు, న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు, ఫైబ్రిన్ అనే గడ్డకట్టే ప్రోటీన్. పక్కనుంచి రక్తం పారుతూనే ఉంటుంది, ఆక్సిజన్ అందకుండానే ఎడమ గుండెకి చేరుతుంది. అదే షంట్. గాలే చొరబడని చోటికి మాస్కులోని ఆక్సిజన్ ఎలా వెళ్తుంది? గట్టిపడిన ఊపిరితిత్తి శబ్దాన్ని బాగా మోస్తుంది కాబట్టి వోకల్ ఫ్రెమిటస్ (మాట్లాడేటప్పుడు ఛాతీ మీద చేతికి తెలిసే కంపనం) పెరుగుతుంది, బ్రాంకియల్ శ్వాస (పెద్ద శ్వాసనాళాల్లోని గట్టి శబ్దం) వినిపిస్తుంది. ఎఫ్యూజన్‌లో, అంటే ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరితే, రెండూ తగ్గుతాయి. ఇక బట్టీ దేనికి?

మందులూ అంతే. మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియాకి సెల్ వాల్ (కణం గోడ) లేదు, ఆ గోడనే దెబ్బతీసే అమాక్సిసిలిన్‌కి పనేముంది? డాప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ని సర్ఫాక్టెంట్ (గాలి సంచుల లోపలి పూత) పనికిరాకుండా చేస్తుంది, అందుకే ఎంఆర్ఎస్ఏ (మామూలు పెన్సిలిన్ రకం మందులకి లొంగని స్టెఫైలోకాకస్) న్యుమోనియాకి వాంకోమైసిన్ లేదా లినెజోలిడ్. టీబీ అనుమానముంటే టీబీ మీదా కొంత పనిచేసే లెవోఫ్లాక్సాసిన్ జోలికి తొందరపడి వెళ్ళొద్దు. కొన్నాళ్ళు తగ్గినట్టే ఉంటుంది, అసలు జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది.

న్యుమోనియా తీవ్రత కొలిచే స్కోరు కర్బ్-65 మీకు తెలిసిందే: 0–1 ఇంటికి, 2 వార్డుకి, 3 గానీ అంతకు మించి గానీ వస్తే ఐసీయూ ఆలోచించాలి. ఇది కూడా వదిలేస్తే మీ ఇష్టం.

హైదరాబాద్ కోచింగ్‌కి వెళ్ళకపోతే సీటు రాదని చుట్టాలు తేల్చేశారు. సాయంత్రం ఆర్కే బీచ్‌లో కనిపిస్తే “తిరుగుతోంది” అన్నారు. నడుస్తూ ఆరోజు చదివింది మనసులో తిరగేసుకునేదాన్ని, అదీ చదువే. అయినా పొద్దున లేచి కూర్చోనివాళ్ళకి బీచ్ అయినా లైబ్రరీ అయినా ఒకటే. ఫోన్ పక్కన పెట్టండమ్మా ముందు.

ఎంపైమా (ఊపిరితిత్తి చుట్టూ చీము చేరడం) మాత్రం విడిగా చదవండి. న్యుమోనియాతో వచ్చిన ప్లూరల్ ఫ్లూయిడ్‌లో (ఊపిరితిత్తి చుట్టూ చేరే నీటిలో) పీహెచ్ 7.2 కన్నా తగ్గితే యాంటీబయాటిక్ ఒక్కటే చాలదు, చెస్ట్ ట్యూబ్ వేయాలి. నెగటివ్ మార్కులున్న పరీక్షలో ఈ అంకె దగ్గర ఊహించి పెట్టకండి.